గుప్పెడు నల్ల ఉన్ని

"గీ నల్ల పోగు మస్తు దూరం ఉరికింది బిడ్డా. పిల్లగాండ్ల ఏలు చిక్కుతది."

మేడ్చల్ డిపో బెంచీ మీద గళ్ళ నోట్‌బుక్‌లో డిజైన్ గీస్తున్న స్రవంతి తలెత్తింది.

పక్కన ఒక ముసలామె. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియలేదు.

స్రవంతికి చిరాకేసింది. పేట్ బషీరాబాద్‌లో చిన్నపిల్లల స్వెటర్ల దుకాణం నడిపే విజయమ్మ అప్పుడే మొహం మీద చెప్పి పంపింది. "ఫోన్ల చూసి దించినయి నాకొద్దు. శుక్రవారం లోపల నీ సొంత డిజైన్ తే. లేకుంటే పని ఇంకొకామెకిస్త."

ఇంకా మూడు రోజులే.

"రెండు రంగుల అల్లిక అవ్వా గిది. నీకేమెరుక?"

"ఒక రంగు ముందట కనవడ్తుంటే ఇంకోటి ఎన్క నడుస్తది. ఎన్క పోగు నాలుగు గళ్ళు దాటితే యాలాడ్తది."

స్రవంతి పెన్సిల్ ఆగింది.

"ఏం గియ్యాల్నో తోస్తలేదు అవ్వా."

"మీ ఇంట్ల ఏమున్నయి?"

"గొర్లు."

ముసలామె వంగి, దుమ్ములో వేలితో రెండు గిట్టలు గీసింది. స్రవంతి వాటిని గళ్ళలోకి దించింది. ఒక్కోటి ఏడు గళ్ళు. వరసగా పెడితే మంద నడిచిపోయినట్టుంది.

"ఒక్క గిట్టల ఒక గడి తప్పియ్యి."

"ఎందుకు?"

"అది కుంటి గొర్రె. దాని కోసం మంద ఆగుతది."

షామీర్‌పేట బస్సొచ్చింది. స్రవంతి లేచింది.

"బిడ్డా, గుప్పెడు నల్ల ఉన్ని ఇస్తవా? సంటిపిల్ల టోపీ. నడినెత్తి కాడ ఆగింది."

చాచిన అరచేతిలో చారాణా బిళ్ళ. నిన్ననే అచ్చేసినట్టు మెరుస్తోంది.

"గవి బందై ఏండ్లాయె అవ్వా. ఉన్ని నాకే సాలదు."

బస్సెక్కి కిటికీలోంచి చూసింది. బెంచీ ఖాళీ.

ముసలామె గీసినవి రెండే గిట్టలు. ఇప్పుడవి బెంచీ దగ్గర్నుంచి బస్సు దాకా వరసగా ఉన్నాయి.

శుక్రవారం విజయమ్మ అల్లికను తిరగేసి, వెనక పోగుల మీద వేలు నడిపింది. ఎక్కడా చిక్కలేదు.

"గీడ ఒక గడి తప్పింది గదనే?"

"కుంటి గొర్రె మేడం."

విజయమ్మ నవ్వింది. "సోమవారం కెల్లి పనికి రా."

సంచిలో ఇంకా గుప్పెడు నల్ల ఉన్ని మిగిలే ఉంది.

ఇంట్లో తల్లి సిద్దమ్మ ఆ అల్లికను చూసింది. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక చిన్న టోపీ తీసింది.

అవే గిట్టలు. ఒక గిట్టలో అదే గడి తప్పింది.

నడినెత్తి దగ్గర అల్లిక ఆగిపోయి ఉంది.

"ఎవరిదమ్మా గిది?"

"నీదే. ఆసుపత్రిల ఆయా పని జేసేటప్పుడు నేర్సుకున్న అల్లికతోని, కడుపుల నువ్వున్నప్పుడు మీ అవ్వ మొదలువెట్టింది. నల్ల ఉన్ని అయిపోయిందని, జల్దీ తెస్తనని మేడ్చల్ బస్సెక్కింది బిడ్డా, ఇరవై నాలుగేండ్లాయె, ఇయ్యాల్టికి రాలే."