నూట ఆరో ఓటు

"అమ్మాలన్నవాళ్ళు నూట ఆరు. వద్దన్నవాళ్ళు నూట ఐదు." అధ్యక్షుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సభ్యుల మాటే క్లబ్బు మాట. మైదానం అమ్మేస్తున్నాం."

ఒక్క ఓటు! ఒకే ఒక్క ఓటుతో కల్దెరెరోస్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం సూపర్‌మార్కెట్ కంపెనీ చేతిలోకి పోయింది. రైలింజన్లకు బాయిలర్లు బిగించే పద్నాలుగు మంది 1911లో బురద గుంట పూడ్చి చేసుకున్న మైదానం అది. పెద్ద డివిజన్‌కి ఎక్కింది ఒక్కసారే, ఆ ముచ్చటా ఏడాది తిరక్కుండానే తీరిపోయింది. అయినా మా పేటలో బిడ్డ పుడితే పేరు పెట్టకముందే క్లబ్బు కార్డు తీసుకుంటారు. ఇకమీదట ఆటలన్నీ ఊరవతల ముప్పై కిలోమీటర్ల దూరాన, హైవే పక్కనట. ఎవరు పోయి చూస్తారు, నా తలకాయ!

మైదానం చూసుకునే ఎవరిస్తో కుర్చీని ఒక్క తన్ను తన్ని లేచాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గడ్డికి నీళ్ళు పెట్టేదీ, కత్తిరించేదీ, సున్నంతో గీతలు గీసేదీ అతనే. నెల రోజులు గడప గడపకీ తిరిగి, వద్దనే ఓటేస్తామని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వాళ్ళలో ఎవడో మాట తప్పాడు. ఎవడో ఏమిటి, వీడే!

వీడంటే బౌదిలియో, ప్రాణస్నేహితుడు. గుమ్మం దగ్గర మాతె ఆకుతో టీ కలుపుకుంటున్నాడు. ఎవరిస్తో వస్తుంటే చూసి, వేడి వేడి మాతె ఉన్న సొరబుర్ర ముందుకు చాపాడు.

"ముందు ఇది తాగు. గొంతు తడుపుకో."

ఎవరిస్తో దాన్ని ఒక్క దెబ్బతో ఎగరగొట్టాడు. ఆకంతా గోడ మీద చిందింది.

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

"ఏం కూస్తున్నావ్?"

"గురువారం బేకరీలో కంపెనీ మనిషి పక్కన కూర్చుని కాఫీ తాగలేదూ? ఊరంతా చూసింది."

"తాగాను. మా అల్లుడికి ఏదైనా పనిప్పించమని అడగడానికి వెళ్ళాను. ఓటు మాత్రం వద్దనే వేశాను. మా ఆవిడ మీద ఒట్టు!"

"ఆవిడ పోతే పండగ చేసుకుంటావ్ నువ్వు. మనవడి మీద వెయ్యి ఒట్టు, చూద్దాం!"

బౌదిలియో మొహం మాడిపోయింది. "పసివాడి మీదా? వెయ్యను" అన్నాడు.

"చూశారా! చూశారా అందరూ!" అంటూనే ఎవరిస్తో అతని చెంప మీద ఛెళ్ళున కొట్టాడు.

బౌదిలియో తిరిగి కొట్టలేదు. వంగి సొరబుర్ర తీసుకుని, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నలభై ఏళ్ళు ఒకే మెట్టు మీద కూర్చుని అరిచాం. నీ పక్కన ఇక నేను కూర్చోను" అని బయటికి వెళ్ళిపోయాడు.

ఎవరిస్తోకి జాలి కలగలేదు. పరాయివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు, నమ్మినవాడే గొంతు కోస్తే ఎవరితో చెప్పుకుంటాడు?

"అన్నా, ఒకసారి లోపలికి రా." ఆఫీసు గుమ్మంలోంచి తెల్మా పిలిచింది. పొద్దున్నుంచీ సభ్యులతో సంతకాలు పెట్టించుకుని, ఓటు కాగితాలిచ్చింది ఆవిడే. లోపలికి రాగానే తలుపు మూసింది.

"బౌదిలియో అన్న ఏ పాపం ఎరగడు. ఒక ఓటు ఎక్కువ పడింది. తప్పు నాది."

"ఎక్కువ పడటమేమిటి?"

ఆవిడ సభ్యుల పట్టీ తెరిచి పదిహేడో నంబరు మీద వేలు పెట్టింది. సిరియాకో బెనవీదెస్. పేరు పక్కన వంకర టింకరగా సంతకం.

"ఇది మా నాన్న పేరు. ఆయన పోయి ఆరేళ్ళయింది!"

"పేరు కొట్టేస్తానంటే ఎవరు వద్దన్నారు? 'ఆయన నంబరు బతికుండాల్సిందే' అని నా మీద ఇంతెత్తున లేచింది నువ్వే కదా."

నిజమే. మా క్లబ్బులో పాత నంబరంటే కిరీటం కింద లెక్క. ఏ ఇంట్లోనూ దాన్ని మనిషితోపాటు పూడ్చిపెట్టరు. మొగుడి కార్డు పట్టుకుని విధవరాలొస్తే గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగరు, టోపీ తీసి దారిస్తారు.

"మీ అమ్మ ఆట రోజుల్లో నీకు తిండి పట్టుకొచ్చేది ఆ కార్డుతోనే" అంది తెల్మా. "ఇవాళా అదే కార్డు చూపించింది. నీ మొగుడు చచ్చిపోయాడు, ఫో అని ఆ ముసలమ్మతో ఎలా అనను? నీ వైపే వేస్తుంది కదా అనుకుని కాగితమిచ్చాను."

"మరి?"

"కళ్ళజోడు మర్చిపోయిందట. 'అమ్మాలి' అనేది ఏ గడి అని నన్నే అడిగింది."

ఎవరిస్తో కుర్చీలో కూలబడ్డాడు. "రద్దు చెయ్యి" అన్నాడు.

"చేస్తాను. చచ్చిపోయిన మొగుడి పేరుతో మీ అమ్మ ఎదెల్మిరా దొంగ ఓటేసిందని రాస్తాను. కింద నువ్వు సాక్షి సంతకం పెడతావా?"

అతను సంతకం పెట్టకుండానే లేచి ఇంటికి నడిచాడు. దారిలో బౌదిలియో ఇంటి తలుపు వేసి ఉంది. తట్టడానికి మొహం చెల్లలేదు.

ఇంట్లో తల్లి వంటబల్ల ముందు నిలబడి పిండి ఒత్తుతోంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆ చేతుల్లో వణుకు లేదు.

"నువ్వేనా అమ్మా?"

"నేనే" అంది, తలెత్తకుండానే.

"కన్నకొడుకుని ఇంత మోసం చేస్తావా? నాన్న పేరు మీదా? ఆ మైదానం ఆయన ప్రాణం కదమ్మా!"

ఎదెల్మిరా చేతులకంటిన పిండి దులుపుకుంది. మొదటిసారి కొడుకు మొహంలోకి చూసింది.

"ఆయన ప్రాణమే. ఆయన పోయాక నీ ప్రాణమైంది. అరవై ఏళ్ళు ఆ సవతి గుమ్మానికి నేనే తిండి మోశానురా. దాన్ని ఉంచమంటావా, అమ్మమంటావా అని నన్ను అడిగింది ఇవాళే."