బురుజు మీంచి ఏం కనిపిస్తుంది

"ఈ బురుజు ఎవరు కట్టించారండీ?" పెద్దవాళ్ళ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో, టూరిస్టు పాత్ర వేస్తున్న టీచరు ఇంగ్లీషులో అడిగింది.

గైడు పాత్ర, క్లాసుకొచ్చే బట్టలు కుట్టే ఆవిడది. పాఠంలోని బొమ్మ మీద వేలు పెట్టి, రాజు పేరు, కోట వయసు, ఎన్ని మెట్లున్నాయో కూడా అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులోనే అప్పజెప్పింది. మిగతా పాఠాల్లో పెదవి విప్పని మనిషి. టీచరుకి ముచ్చటేసింది.

"పైనుంచి ఏం కనిపిస్తుంది?"

గైడు పేజీ తిప్పి వెతికింది.

"పాఠంలో లేకపోతే ఏం, చూసిందే చెప్పండి. చాలాసార్లు వెళ్ళినట్టున్నారే," అంది టీచరు. వెనక బెంచీలు నవ్వాయి.

"ఒక్కసారీ వెళ్ళలేదు మేడమ్." ఆవిడ తెలుగులోకి దిగిపోయింది. "మా అమ్మాయి వెళ్ళింది, కాలేజీ వాళ్ళతో. పైకెక్కి ఫోన్ చేసింది. ఏం కనిపిస్తోందే అంటే, ఇంటికొచ్చి చెప్తాగా అంది. వచ్చే దారిలో వాళ్ళ బస్సు బోల్తా పడింది. ఈ పుస్తకంలో ఆ బురుజు గురించి ఉందంటేనే క్లాసులో చేరాను."

పెళ్ళయిన కొత్తలో టీచరు ఆ బురుజు ఎక్కింది. పుస్తకం మూసి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. ఇప్పుడు గైడు తనే.

"కింద ఏరుంటుందమ్మా, దారప్పోగంత సన్నగా. ఏటికి అవతల పొద్దుతిరుగుడు చేలు. ఎండ పడితే పసుపుపచ్చగా మెరిసిపోతాయి."

ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"గాలి బాగా వేస్తుందా మేడమ్?"

"బాగా వేస్తుంది."

"ఫోన్లో సగం గాలే వినపడింది," అందావిడ. "స్వెట్టరు తీసుకెళ్ళవే అంటే వింటేగా."