బొమ్మలో లేని మచ్చ

బొమ్మ మీది గుడ్డ తీయగానే కిర్‌స్టెన్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మచ్చ ఏదండీ?"

చిత్రకారుడు థోర్కిల్ చేతిలోని గుడ్డను మడత పెట్టసాగాడు. ఆమె ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా ఎర్రని పుట్టుమచ్చ. బొమ్మలో ఆ చెంప వెన్నపూసలా ఉంది.

కాఫీ తెచ్చిన అతని భార్య లిస్బెట్ కూడా చూసింది. "బాగుంది! కోపెన్‌హాగన్ నుంచి వచ్చినవాళ్ళందరికీ పాఠాలు చెప్పి, తమరే మచ్చ మింగేశారా?"

ఆ పాఠం స్కాగెన్ రేవు ఇసుకలో ఈజిల్ పాతిన ప్రతి చిత్రకారుడికీ కంఠతా వచ్చు. లోకంలో అందవికారమైన రంగంటూ లేదు, జడిసే కళ్ళే ఉన్నాయి. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు వెయ్యి, అందం దానంతట అదే వస్తుంది. ఈ పట్టుదలతోనే అతను చచ్చిపోయినవాళ్ళ బొమ్మలు వెయ్యడు. సముద్రం మింగిన మొగుళ్ళ ఫోటోలు పట్టుకుని బెస్త ఆడవాళ్ళు వస్తే, "ఫోటోలో రంగేదమ్మా? మనిషి ఎదురుగా కూర్చుంటేనే వేస్తాను," అని గుమ్మంలోంచే పంపేసేవాడు.

ఈ పిల్ల పక్క రేవు నుంచి వచ్చింది. "మా అమ్మ మంచం పట్టిందండీ. కిర్‌స్టెన్ బొమ్మ ఎదురుగా ఉంటే చూసుకుంటూ పడుకుంటానంటోంది," అంది. సరేనని కూర్చోబెట్టాడు. చలిగా ఉంది, పొయ్యి దగ్గరికి జరగమన్నా జరిగేది కాదు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలికేదీ కాదు. పల్లెటూరి బిడియం అనుకున్నాడు.

తంటా అంతా మచ్చతోనే వచ్చింది. ఎన్ని ఎరుపులు కలిపినా దాని కింద నెత్తురు కదులుతున్నట్టు రాలేదు. చివరికి విసుగెత్తి చెంప రంగుతో కప్పేశాడు. పైగా దానికి జాలి అని పేరు పెట్టుకున్నాడు.

"నీకు అందంగా ఉంటుందని తీసేశానమ్మా," అన్నాడు నసుగుతూ.

"అందం ఎవరికి కావాలండీ? అమ్మ ముద్దు పెట్టేది ఆ మచ్చ మీదే. ఈ బొమ్మ చూసి ఆవిడ ఏం చేసుకుంటుంది?"

థోర్కిల్ చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఇన్నేళ్ళూ గొంతు చించుకుని చెప్పిన మాట ఒక చెంప ముందు నిలబెట్టుకోలేకపోయాడు. తలెత్తి ఆ పిల్ల వంక చూడటానికి కూడా మొహం చెల్లలేదు. లిస్బెట్ ఇక ఎగతాళి చెయ్యలేదు, చప్పుడు కాకుండా కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"తప్పు నాదే కిర్‌స్టెన్. కూర్చో తల్లీ, ఈసారి నీ మొహం ఉన్నదున్నట్టు వేస్తాను," అంటూ కుంచె అందుకున్నాడు.

"నా మొహం ఉన్నదున్నట్టే వేశారండీ, కిర్‌స్టెన్ చనిపోయి ఏడాదైంది, నేను తన కవల చెల్లెల్ని," అంటూ ఆమె తలగుడ్డ కొసతో చెంప గట్టిగా తుడుచుకునేసరికి మచ్చంతా గుడ్డకు వచ్చేసింది.