కౌజు పిట్టల దొంగ

“పిట్ట మాఫీ! వచ్చే నెల నువ్వు కూడా మాఫీ!”

తోట యజమాని అర్బాబ్ అరిచి, కారెక్కి వెళ్ళిపోయాడు.

మన దగ్గర మాఫీ అంటే బాకీ రద్దు. ఒమాన్‌లో మాఫీ అంటే ‘లేదు’. ఖబూరాలో ఆయన తోటకు ఫోర్‌మన్‌గా ఉన్న భీమన్నకు ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అర్బాబ్‌కు ఖర్జూరాలు, మేకలు, మేతగడ్డి అన్నీ తర్వాతే. తెల్లవారగానే గడ్డి మడుల్లోంచి కౌజు పిట్టల కూత వినపడాలి. వాళ్ళ నాన్న హయాం నుంచి ఆ తోటలో ఉన్న పిట్టలవి. నిరుటి నుంచి తరిగిపోతున్నాయి.

“పిట్టల్ని చంపుతున్నవాడు ఎవడో తేల్చు. వాణ్ణి ఇంటికి పంపిస్తా. తేల్చకపోతే నిన్ను పంపిస్తా” అని అప్పటికే తేల్చి చెప్పాడు.

భీమన్న చేయని పని లేదు. పిల్లులను తరిమాడు. కాకుల గూళ్ళు పీకాడు. మందు కొట్టడం మానేస్తే ఆకంతా పురుగుల పాలైంది. నక్కలొస్తున్నాయేమోనని చుట్టూ కంచె బిగించాడు. చేతులు గీరుకుపోయాయే గానీ పిట్టలు పెరగలేదు.

“నేను గడ్డి పెంచాల్నా, పిట్టలకు కాన్పులు చెయ్యాల్నా?” అని తనలో తానే తిట్టుకున్నాడు. ఈ వయసులో ఇంటికి పంపిస్తే మళ్ళీ వీసా ఇచ్చేదెవరు?

ఆ చిరాకులో ఉండగా యాకూబ్ మీద కన్ను పడింది.

యాకూబ్‌ది కడప. లేబర్ కంపెనీ పంపిస్తే నిరుడే వచ్చాడు. భీమన్న ట్రాక్టర్‌కు తగిలించిన మిషన్‌తో గడ్డి కోస్తూ పోతుంటే, వెనకాల ఆ గడ్డి ఎత్తి మోపులు కట్టడం అతని పని. పని బాగానే చేస్తాడు. ఒకటే తంటా.

“అన్నా, మిషన్ అప్పుడే దింపొద్దన్నా. రోంతసేపు ఆగు.”

“ఎందుకు?”

“గట్టు మీదికి పోయొస్తా.”

“గట్టు మీద నీకేం పని? ఎండ నెత్తికెక్కుతుంది. నడువ్!”

కోత ఉన్న ప్రతి పొద్దూ ఇదే గోల. అసలు గట్టు మీద ఏముందో చూద్దామని ఒకరోజు భీమన్న ముందే వచ్చి ఖర్జూరం చెట్టు చాటున నిలబడ్డాడు.

యాకూబ్ గట్టు మీద గొంతుక్కూర్చుని, పిడికిలి నోటికి ఆనించి కూస్తున్నాడు. తల్లి కోసం ఏడ్చే పిట్టపిల్ల కూత. ఎవరూ నమ్మరు గానీ, గడ్డిలోంచి తల్లి పిట్టలు ఒక్కొక్కటే మెడలు చాచి బయటికి పరుగెత్తుకొస్తున్నాయి.

భీమన్నకు ఒళ్ళు మండింది. తన ఊరి దగ్గర పిట్టలు పట్టేవాళ్ళు అచ్చం ఇలాగే పిలిచి వల వేస్తారు. కూత నేర్చినవాడు ఊరికే కూస్తాడా?

వెతికితే చెట్ల వెనక కొత్తగా కప్పిన ఇసుక కనపడింది. కాలితో గీరితే ఈకలు తేలాయి.

“తిని ఈకలు బొంద పెడుతున్నవారా?”

“నేను తినలేదన్నా.”

“మరెవడు సంపిండు? చెప్పు!”

యాకూబ్ ఏదో చెప్పబోయాడు. అంతలో అర్బాబ్ కారు వచ్చి ఆగింది. యాకూబ్ తల దించుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా మళ్ళీ నోరు విప్పలేదు.

“ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నేను పట్టిన!” అని భీమన్న ఆ సాయంత్రం రూమ్‌లో అందరికీ చెప్పుకున్నాడు. అర్బాబ్ భుజం తట్టాడు మరి!

యాకూబ్‌ను కంపెనీ బస్సు ఘాలాలో బిల్డింగ్ పనికి తీసుకుపోయింది.

తర్వాతి కోతకు ఆగమనేవాడు లేడు. పని చకచకా సాగింది. వెనకాల ఎత్తేవాడూ లేడు కాబట్టి, భీమన్నే ట్రాక్టర్ దిగి గడ్డి ఎత్తాడు.

మొదటి కట్టలోనే చేతికి వెచ్చగా, తడిగా తగిలింది.

తల్లి పిట్ట. రెక్కలు చాపే ఉంది. దాని కింద పగిలిన గుడ్లు. నాలుగడుగుల అవతల ఇంకొకటి.

భీమన్న తిరిగి మిషన్ వైపు చూశాడు. కొడవళ్ళతో కోసినన్నాళ్ళూ ఒక్క పిట్ట చావలేదు. మనిషి దగ్గరికొస్తే లేచిపోయేది. మిషన్ మోతకు మాత్రం తల్లి లేవదు, గుడ్ల మీద ఇంకా అణిగి కూర్చుంటుంది. ఆ మిషన్ నిరుడే వచ్చింది. కొనమని అర్బాబ్ ప్రాణం తీసింది తనే. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు వెనక్కి తిరిగి చూస్తే కదా!

యాకూబ్‌కు ఫోన్ కలిపాడు. అవతల కాంక్రీట్ మిక్సర్ మోత.

“యాకూబూ... పిట్టలు...”

“చూసినావా అన్నా?”

“నువ్వు పిలుసుడు పట్టుకునేటందుకు కాదా?”

“మిషన్ వచ్చేలోగా బయటికి రప్పిద్దామని పిలుస్తాంటి. కొన్ని వచ్చే, కొన్ని రాకపాయ. రానివాటిని పూడ్చిపెడ్తి.”

“మల్ల వచ్చెయ్యి తమ్మీ. అర్బాబ్‌తోని నేను మాట్లాడుత.”

“ఈ బిల్డింగ్ అయ్యేదాకా కంపెనీ ఇడిసిపెట్టదంటన్నా.”

భీమన్నకు కోపం ఆగలేదు. అది ఎవరి మీదో అతనికే తెలియదు.

“ఆనాడు అర్బాబ్ ముంగట నోరెందుకు తెరువలేదురా?”

యాకూబ్ మిక్సర్ మోతకు దూరంగా జరిగాడు.

“నేను కంపెనీ మనిషిని, ఘాలాకు పంపి ఊరకుండిరి. పిట్టల్ని చంపేది నువ్వు తోలే మిషనేనని చెప్పింటే నిన్ను ఇంటికే పంపుదురు గదన్నా.”