చుక్కావు మింగిన గుళికలు

చుక్కావుకి పాలు బాగానే ఉన్నా, పక్క పాకలో గేదె కంటే తక్కువని ఒకటే దిగులు. అది కనిపెట్టిన నక్క భుజాన సంచీ వేసుకుని దిగింది.

“అమైనో ఆమ్లాల గుళికలు తల్లీ! రోజూ గుప్పెడు మింగితే పాలు పొంగుతాయి. నాకు చెంబుడు పాలిస్తే చాలు. గడ్డి మాత్రం ముట్టకు, కడుపులో గుళికలకి అడ్డం పడుతుంది.”

చుక్కావు తన పచ్చగడ్డి అంతా పక్కనే కట్టేసి ఉన్న మేక ముందుకి తోసేసింది.

“ఇంత తెలిసినదానివి, నువ్వు చెబితే తినకపోతానా అక్కా!” అంది మేక, నోటినిండా గడ్డితో.

పదోరోజుకి పొదుగు ఎండిపోయింది. దూడ కుమ్మి కుమ్మి, “అమ్మా, ఆకలే!” అని ఏడ్చింది.

చెంబుడు పాలకని వచ్చిన నక్క తల పంకించి, “దూడకి ఓపిక తక్కువ. దానికీ ఉన్నాయి గుళికలు,” అంది.

చుక్కావుకి ఒళ్లు మండింది. నక్కని కొమ్ములతో ఎత్తి అవతల పడేసి, మేకని పక్కకి నెట్టి, గడ్డిలో మూతి పెట్టింది. మూడు రోజులు కడుపారా మేసింది. దూడ మూతికి మళ్లీ పాలనురగ అంటింది.

ఆ సాయంత్రం నక్క కుంటుకుంటూ గేదె పాకకి వెళ్లింది.

“కావాలంటే ఆ దూడ మూతి చూడు వదినా! మా గుళికలు పనిచెయ్యడానికి పదమూడు రోజులు పడుతుంది, అంతే.”