మెరుపు కాగితం

“గొంగడి పీలికలల్లనా కట్టేది అత్తమ్మా! సూసినోళ్లు నవ్వరా?”

గుర్వమ్మ చాప మీద కూర్చుని, మనవరాలు అండాలుకు ఇవ్వడానికి తెచ్చిన ఇత్తడి మువ్వల జతను మూట కడుతోంది. మువ్వల చుట్టూ ముందు గొర్రెపిల్ల ఉన్ని పొదిగింది. దాని మీద పెరట్లోని మరువం రెమ్మలు పరిచి, మక్కకంకి పొరలు చుట్టింది. పాతచీర అంచును సన్నని గొట్టంలా కుట్టి, అందులో చింతగింజలు పోసి, దానితో బిగించింది. అన్నిటికీ పైన నల్ల గొంగడి ముక్క.

ముడి వేశాక కళ్లు మూసుకుని మూటనంతా వేళ్లతో మెల్లగా తడిమింది. చెవి దగ్గర ఊపింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చింది.

ముసలామె మొక్కుకుంటోందనుకుంది కోడలు జానమ్మ.

జానమ్మ కాపురానికి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఆమె పెండ్లి నాటికి ఆత్మకూర్‌లో ఆడబిడ్డ రామమ్మ ఇంట్లో అమ్మవారు పోసింది. టీకాలు వేసేవాళ్లు ఆ వాడకు రాకముందే రామమ్మ బిడ్డ అండాలు మంచాన పడింది. అందుకే అక్కడి నుంచి పెండ్లికి ఎవరూ రాలేదు. పిల్ల బతికి లేచినందుకు రేపు మొక్కు చెల్లిస్తున్నారు. జానమ్మ ఆ గడప తొక్కడం అదే మొదలు.

“పిల్ల ముఖమ్మీద మచ్చలు బాగ పడ్డయా అత్తమ్మా?”

“ఆ తల్లి చేసింది నోటితోని చెప్పొద్దు బిడ్డా. చెప్తే మర్లి వస్తది.” గుర్వమ్మ గొంతు తగ్గించింది. “నాకు ఒక్కటే ఫికరు. లేచినకాన్నుంచి మూలకే కూసుంటాందంట. నవ్వదు, పలుకదు. నువ్వు రాకముందు ఎండకాలమంత మన దొడ్లనే ఉండె అది! గొర్రెపిల్లల నడుమ పండుకునేది, మరువం మడి తొక్కి నాతోని తిట్లు తినేది. గీ మూట పట్టుకోని ఒక్కపారి ‘అవ్వా’ అంటే సాలు నాకు.”

“గందుకే చెప్తున్న. పోరికి జర ముచ్చటైనది ఇస్తె నవ్వుతది. గొర్రెల కంపు కొట్టేదిస్తె ఏం నవ్వుతది?”

“నీకెరుక లేదు, ఊకో పిల్లా.”

ఆ మాట జానమ్మకు గుచ్చుకుంది.

పొద్దున గుర్వమ్మ గొర్రెలకు నీళ్లు పెట్టడానికి దొడ్లోకి పోయింది. జానమ్మ తన సందుక తెరిచింది. అడుగున, చీరల కింద, ఎర్రటి మెరుపు కాగితం ఉంది. తన పెండ్లి పందిరికి కట్టగా మిగిలింది. తన కడుపు పండితే తొట్టెకు కడదామని దాచుకుంది. ఒక్క నిమిషం దాన్ని చేతిలో పట్టుకుని ఆగింది. పిల్ల నవ్వితే అంతకన్నా ఏం కావాలి? అత్తమ్మ కూడా సంబరపడుతుంది.

మూట విప్పి మువ్వలను కాగితంలో చుట్టింది. తన జడ రిబ్బనుతో పువ్వులా ముడి వేసింది. మిగిలినవన్నీ నీళ్లు కాగే పొయ్యిలో పడేసింది. చింతగింజలు చిటపటలాడాయి.

బండి కదులుతుంటే గుర్వమ్మ అడిగింది. “మూట పెట్టినవా?”

“గంపల పెట్టిన అత్తమ్మా. మంచిగ పెట్టిన.”

ఆత్మకూర్‌లో ఇంటి నిండా చుట్టాలున్నారు. గుర్వమ్మ వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే రామమ్మ ఆమెను పట్టుకుని ఏడుపు అందుకుంది. జానమ్మ ఆగలేక, పొట్లం తీసుకుని లోపలికి నడిచింది. వడ్లగుమ్మి పక్కన చీకటి మూలలో పిల్ల తల వంచుకుని కూర్చుని ఉంది.

“అండాలూ! నేను నీ కొత్త అత్తను. ఇగో, మీ అవ్వ తెచ్చింది.”

అవ్వ అనగానే పిల్ల రెండు చేతులూ ముందుకు వచ్చాయి. పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు కాగితం మీద ఇటు నుంచి అటు జారాయి. మళ్లీ అటు నుంచి ఇటు జారాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపటికి దాన్ని మెల్లగా కింద పెట్టేసింది.

“మా అవ్వ గిట్ల కట్టదు” అంది.

గుమ్మంలో గుర్వమ్మ నిలబడి ఉంది. ఆమె చూపంతా ఆ ఎర్ర కాగితం మీదే ఉంది.

“నా మూటేదే జానమ్మా?”

“పొయ్యిల ఏసిన... గంద్ల ఏముందని అత్తమ్మా?” జానమ్మ పొట్లం తీసి పిల్ల ముఖం ముందు పట్టింది. “గిటు సూడు బిడ్డా, ఎంత మెరుస్తాందో!”

పిల్ల ఆ గొంతు వచ్చిన వైపు ముఖం ఎత్తింది.

అమ్మవారు పోతూ పోతూ ఆ పిల్ల రెండు కళ్లూ తీసుకుపోయింది.