మొటిమల మందు

ట్యూబును గాజుబల్ల మీదికి విసిరికొట్టింది మునివెంకటమ్మ. అది ఎగిరి మందుల షాపు పద్మనాభ శెట్టి బొజ్జకు తగిలి కింద పడింది. కోలారు బజారు మంచి రద్దీగా ఉన్న వేళ. మందుల కోసం నిలబడ్డ నలుగురూ పక్కకు జరిగారు.

"ఇది మందా, విషమా? చెప్పు శెట్టీ."

శెట్టి వంగి ట్యూబు తీసుకున్నాడు. అది మొటిమలకు ఇచ్చేదేననీ, పదేళ్ళుగా అమ్ముతున్నాననీ, ఇంతవరకూ ఎవరూ వచ్చి ఇలా అడగలేదనీ నిదానంగా చెప్పాడు. ఆ నిదానం చూస్తే ఆమెకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. టమోటా కోతకు పిలిచిన మనుషుల్ని తోటలోనే వదిలేసి, సుగటూరు నుంచి బస్సులో నిలబడి వచ్చింది ఆమె.

వెనకనున్న కూతుర్ని చెయ్యి పట్టి ముందుకు లాగింది. ఆ పిల్ల మొహానికి చుట్టుకున్న దుపట్టాను ఒక్క గుంజు గుంజింది.

పిల్ల పేరు చిన్నక్క, కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. బుగ్గలు ఎర్రగా కమిలిపోయాయి. చర్మం ఉల్లిపొరలా పల్చబడి లోపలి సన్నటి నరాలు పైకి కనిపిస్తున్నాయి. వాటి మధ్య చీము పట్టిన మొటిమలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అందరూ చూస్తుంటే ఆ పిల్ల తల వంచుకుంది.

మొదట నాలుగంటే నాలుగు మొటిమలుండేవని మునివెంకటమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. ఈ ట్యూబు పూస్తే వారానికే మొహం నున్నగా అయిందట. ఆపితే రెండింతలు లేచాయట. భయపడి మళ్ళీ పూసిందట. అలా ఎనిమిది నెలలు. చివరికి ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ ట్యూబు చూడగానే తల పట్టుకుందట. ఇందులో కలిపిన స్టెరాయిడే పిల్ల చర్మాన్ని తినేసిందని, ముందు దీన్ని మానాలని చెప్పి వేరే మందు రాసిచ్చిందట. గిల్లకూడదు, రుద్ది రుద్ది కడగకూడదు, నెలల తరబడి ఓపిక పట్టాలి అందట.

"డాక్టరు చీటీ లేకుండా ఎట్లిచ్చినావు?"

"మీరడిగినారు, ఇచ్చినాను. అన్ని అంగళ్ళలోనూ అమ్ముతా ఉండారు కదమ్మా. మీ పిల్ల ఎండలో తిరిగి మొగం పాడుచేసుకుంటే నేనేం చేసేది?"

మునివెంకటమ్మ అరచేత్తో బల్లను చరిచింది. లోపల పేర్చిన సీసాలు గలగలమన్నాయి.

"పదహైదు దినాలైంది మా పిల్ల కాలేజీకి పోయి. కూడు తినేదానికి కూడా మా ముందర కూర్చోదు. నీకూ ఆడబిడ్డ ఉంటే, ఆ బిడ్డ మొగానికి పూస్తావా దీన్ని?"

అప్పుడు శెట్టికీ కోపం వచ్చింది.

"మూడేండ్లుగా పూస్తా ఉండాను," అన్నాడు. అల్మారాల వెనక తెర వైపు తిరిగి, "భాగీరథీ, ఇట్లా రామ్మా," అని పిలిచాడు. తెర అవతలే వాళ్ళ ఇల్లు.

పద్దెనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. మొహం నిండా మందంగా పౌడరు. శెట్టి కూతురి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు.

"చూడండి, ఎంత తెల్లగా ఉండాదో. మొటిమ యాడైనా ఉండాదా? ఇంగ మోసగాడినని అనండి నన్ను."

పౌడరు కింద అవే కమిలిన బుగ్గలు, అవే నరాలు. చెంపల మీద సన్నటి నూగు కూడా మొలిచింది. మునివెంకటమ్మ కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ ఆ తండ్రి కళ్ళల్లో గర్వం చూశాక దాన్ని ఏ మాటల్లో పెట్టాలో ఆమెకు తెలియలేదు.

భాగీరథి మాత్రం తండ్రి వైపు చూడలేదు. రెప్ప వెయ్యకుండా చిన్నక్క మొహాన్నే చూస్తోంది. గడ్డం కింది చేతిని మెల్లగా తప్పించి, బల్ల పక్కనుంచి ఇవతలికి వచ్చి మునివెంకటమ్మ ముందు నిలబడింది.

"పెద్దమ్మా, మళ్ళీ ఆ డాక్టరమ్మ దగ్గరికి పొయ్యేటప్పుడు నన్నూ పిల్చుకోని పోతారా?"